సాత్విక్ వాళ్ళక్క

రాజేశ్వరి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టిందో లేదో హాల్లో ఫోన్ మళ్ళీ మోగింది. మిర్యాలగూడలో రైస్ మిల్లులున్నవాళ్ళు, వాళ్ళకు వడ్లు అమ్మేవాళ్ళు, బియ్యం కొనేవాళ్ళు అందరూ ఆ పొద్దున తన భర్తకే ఫోన్ చేస్తున్నట్టుంది.

“అవునన్నా, మా పెద్దమ్మాయే. జెనీవాల ఇస్తరట. పేపర్ల ఫొటో చూసినవా?” వెంకటనారాయణ గొంతు పక్కనే ఉన్న వాళ్ళ మిల్లు చప్పుడును దాటి వినిపిస్తోంది. స్నానం కూడా చేయకుండా లుంగీ మీదే హాలంతా తిరుగుతున్నాడు.

చిన్నకూతురు సింధు పేపర్లు ముందేసుకుని అక్క ఫొటోలు కత్తిరిస్తోంది. తెల్లకోటులో రచన నవ్వీనవ్వనట్టు చూస్తోంది. అంతర్జాతీయ వైద్య పరిశోధన పురస్కారం తెలంగాణ బిడ్డకు అని పెద్ద అక్షరాలు. కింద విల్సన్ జబ్బు గురించి రాశారు. తిండిలో ఉండే రాగిని శరీరం బయటికి పంపలేక కాలేయంలో, మెదడులో దాచుకుంటుంది. వంశంలో వస్తుంది. ముందే పట్టుకుంటే మందులతో నూరేళ్ళు బతకొచ్చు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. దాన్ని ఒక్క రక్తపు చుక్కతో, మామూలు సర్కారు దవాఖానలో కూడా పసిగట్టే చవకైన పరీక్షను రచన బృందం తయారుచేసింది.

ఇంతలో ఎవరో విలేకరి ఫోన్ చేశాడు. వెంకటనారాయణ స్పీకర్ పెట్టాడు.

“సార్, ఇన్ని జబ్బులుండగా మేడమ్ ఈ జబ్బునే ఎందుకు ఎంచుకున్నరు? దాని వెనక ఏమన్నా కథ ఉందా?”

రాజేశ్వరి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

వెంకటనారాయణ నవ్వేశాడు. “కథేముంది తమ్మీ? చిన్నప్పటి నుంచి చదువంటే పాణం. పేదోళ్ళకు ఏదన్నా చెయ్యాలని ఆమె కోరిక. గంతే.”

సింధు చేతిలో కత్తెర ఆగిపోయింది. ఫోన్ పెట్టేశాక రాజేశ్వరి ముందుకు వచ్చింది.

“సాత్విక్ పేరెందుకు చెప్పలేదండి?”

“ఇప్పుడు వాని ముచ్చట ఎందుకే?” అతను భార్య వైపు చూడకుండానే అన్నాడు. “ఆదివారం కోదాడ నుంచి చెల్లె వాళ్ళొస్తున్నరు. సింధు నిశ్చితార్థం ఖాయం చేసుకోవాలె. రచనకు కూడా చెప్పిన, స్టేజీ మీద ఏం మాట్లాడినా ఇంటి సంగతి తియ్యొద్దని.”

“అదేమన్నది?”

“నువ్వెంత వద్దన్నా చెప్త నాన్నా అన్నది. మొండిది.” అతను తువ్వాలు అందుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

సాత్విక్ రచనకు తమ్ముడు, సింధుకు అన్న. బడిలో ఒకప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు. పద్నాలుగో ఏట ఆ అక్షరాలు వంకర్లు పోయాయి. గ్లాసు పట్టుకుంటే చేయి వణికేది. మాట ముద్దగా వచ్చేది. పంతుళ్ళు బద్ధకమన్నారు. చుట్టాలు దిష్టి అన్నారు. ఒక డాక్టరు చదువు ఒత్తిడి అన్నాడు. తండ్రి కోపంతో రెండుసార్లు కొట్టాడు కూడా. చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు కళ్ళు చూసి జబ్బు పేరు చెప్పేసరికి కాలేయం పూర్తిగా పాడైపోయింది. మేనరికం ఇళ్ళల్లో ఎక్కువ వస్తుందనీ, మిగతా పిల్లలకు కూడా పరీక్ష చేయించమనీ చెప్పాడాయన. ఆడపిల్లలిద్దరికీ జబ్బు లేదని తేలింది. సాత్విక్ మాత్రం ఆ వానాకాలం దాటలేదు.

అందరికీ మెదడువాపు అని చెప్పాడు వెంకటనారాయణ. వంశంలో జబ్బుందని తెలిస్తే ఆడపిల్లలకు సంబంధాలు రావని అతని భయం. రాజేశ్వరి కాదనలేదు. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో ఉన్న రచన మాత్రం ఆ తర్వాత ప్రాక్టీసు వైపే చూడలేదు. తమ్ముణ్ణి తీసుకుపోయిన జబ్బు వెంటే పడింది.

ఆదివారం పది గంటలకల్లా కోదాడ వాళ్ళు దిగారు. వాళ్ళది ఈ ఇంటితో రెండువైపులా ముడిపడ్డ బంధుత్వం. వెంకటనారాయణ చెల్లెలు సువర్ణను రాజేశ్వరి అన్న చంద్రమౌళికి ఇచ్చారు. రాజేశ్వరిని ఈ ఇంటికి తెచ్చుకున్నారు. రెండూ మేనరికాలే, రెండు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో జరిగాయి. చంద్రమౌళి కోదాడలో ధాన్యం వ్యాపారి. అతని కొడుకు విష్ణువర్ధన్‌కే ఇప్పుడు సింధును ఇవ్వాలనుకుంటున్నారు. విష్ణుకు ఒక చెల్లెలు, శ్రీనిధి. తొమ్మిదో తరగతి.

“మా కోడలికి అక్కంటే మామూలు అక్కా!” సువర్ణ వస్తూనే సింధు బుగ్గ గిల్లింది. “కోదాడంతా ఇదే మాట వదినా. మా వీధిలో ఎవరెదురైనా మీ మేనకోడలటగా అంటున్నారు.”

మగవాళ్ళు హాల్లో కూర్చున్నారు. జెనీవాకు ఎవరెవరు వెళ్ళాలి, నిశ్చితార్థానికి ఏ హాలు బాగుంటుంది అని మాటలు సాగుతున్నాయి. విష్ణు అటు చూస్తున్నట్టే ఉండి సింధును చూస్తున్నాడు. సింధు కూడా తలెత్తకుండానే నవ్వుకుంటోంది. ఈడూజోడూ బాగుందని రాజేశ్వరికి మురిపెంగా అనిపించింది.

పాయసం గిన్నెలు పళ్ళెంలో పెట్టి, “జర అందరికియ్యి బిడ్డా,” అని శ్రీనిధి చేతికిచ్చింది.

నాలుగడుగులు వేసిందో లేదో పళ్ళెం గలగలలాడింది. గిన్నెలు ఒకదానికొకటి తగిలి, పాయసం ఒలికి, చివరికి పళ్ళెమే కిందపడింది.

“ఎన్నిసార్లు చెప్పాలే నీకు, రెండు చేతులతో పట్టుకోమని!” సువర్ణ కసిరింది. “ఈమధ్య మరీ ఇలా తయారైంది వదినా. పరీక్షలంటే భయం, దాంతో చేతులు వణుకుతున్నాయంటుంది. టీచర్లేమో రాత బాలేదని గోల.”

“సా...రీ అత్తమ్మా,” అంది శ్రీనిధి. మాట నాలుక మీద ఆగి ఆగి వచ్చింది.

రాజేశ్వరి కిందపడ్డ పాయసాన్ని చూడలేదు. ఆ పిల్ల చేతినే చూసింది. పళ్ళెం చేతిలో లేకపోయినా ఆ చేయి ఇంకా వణుకుతూనే ఉంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని నిలబడింది. తర్వాత భర్తను లోపలికి పిలిచింది.

“మీరు చూసిండ్రా?”

అతని ముఖం చూస్తేనే తెలిసింది, చూశాడని.

“నిశ్చితార్థం కానియ్యి,” అన్నాడు మెల్లగా. “తర్వాత నేనే రచనతో చెప్పి చూపిస్త. ఇప్పుడు గీ ముచ్చట ఎత్తితే అంతా ఖరాబైతది.”

“తర్వాతనా? మనం సాత్విక్‌కు గట్లనే తర్వాత తర్వాత అనుకుంట కూసోలేదా?”

“రాజీ, దండం పెడ్త. నా చెల్లె ముందు నన్ను తక్కువ చెయ్యకు.”

రాజేశ్వరి అతని చేతిని పక్కకు జరిపి హాల్లోకి నడిచింది.

“అన్నా, వదినా, జర నా మాట ఇనుండ్రి. శ్రీనిధిని వెంటనే రచనకు చూపియ్యాలె. మా సాత్విక్‌కు ఇట్లనే మొదలైంది. వాడు మెదడువాపుతోని పోలేదు. రచనకు బహుమతి వచ్చిన జబ్బు ఏదైతే ఉందో, దాంతోనే పోయిండు.”

ముందు లేచి నిలబడింది సువర్ణే.

“అంటే నా కూతురు చచ్చిపోతుందంటున్నావా? శుభమా అని సంబంధం మాట్లాడుకోవడానికి వస్తే ఇదా నువ్వు అనే మాట?”

“చావొద్దనే చెప్తున్న వదినా.”

“వంశంలో జబ్బు పెట్టుకుని మా అబ్బాయికి పిల్లనిస్తున్నారా? ఇన్నాళ్ళు దాచి, ఇప్పుడు మా పిల్లమీదికి తోస్తున్నారా?”

“సువర్ణా, ఆగు...” వెంకటనారాయణ ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. శ్రీనిధి చేయి పట్టుకుని లాక్కుపోయింది. చంద్రమౌళి తన చెల్లెలు రాజేశ్వరిని ఒకసారి చూసి చెప్పులు వేసుకున్నాడు. విష్ణు గుమ్మం దగ్గర ఆగాడు. సింధు తల వంచుకుని ఉంది. అతను కూడా వెళ్ళిపోయాడు.

“అయిపాయె,” అన్నాడు వెంకటనారాయణ సోఫాలో కూలబడి. “బిడ్డ పెండ్లి నీ చేతులతోనే ఖతం చేసినవ్.”

రాజేశ్వరి నేల తుడిచి, చేతులు కడుక్కుని, హైదరాబాద్‌లో ఉన్న పెద్దకూతురికి ఫోన్ చేసింది.

“రేపు పొద్దున కోదాడకు రా బిడ్డా. నీ పరీక్షకు ఏమేం కావాలో అన్నీ తెచ్చుకో.”

“వాళ్ళు రానిస్తరా అమ్మా?”

“రానియ్యకుంటే గడప ముందట కూసుంట. నువ్వైతే రా.”

మర్నాడు ఆమె ఎవరినీ కారు అడగలేదు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కింది. సింధు తనూ వస్తానని వెంటపడి పక్కన కూర్చుంది. కాలువ నీళ్ళతో నిండిన పొలాలు వెనక్కి పోతున్నాయి. తల్లీకూతుళ్ళు దారంతా పెద్దగా మాట్లాడుకోలేదు.

“కోపమొచ్చిందా నా మీద?” అని ఒకచోట అడిగింది రాజేశ్వరి.

“రాత్రి వచ్చింది,” అంది సింధు. “పొద్దున లేచినంక అన్న యాదికొచ్చిండు. నా జడ వేస్తనని కూసుని, చేతులు వణికి వెయ్యలేకపోయేటోడు. నేను నవ్వేదాన్ని.” ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. రాజేశ్వరి కూతురి భుజం చుట్టూ చేయి వేసింది.

కోదాడలో తలుపు తీసింది చంద్రమౌళి. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సువర్ణ బయటికి రాలేదు. రాజేశ్వరి అన్నంత పనీ చేసింది, గడప ముందున్న మెట్ల మీద కూర్చుంది. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా కదలలేదు.

“లోపలికి రా చెల్లె. బయట బాగుండదు.”

“వదినె పిలిస్తేనే వస్త అన్నా. లేదంటే ఈడనే ఉంట. పొమ్మన్నా పోను.”

హైదరాబాద్ నుంచి సూర్యాపేట మీదుగా వచ్చిన రచన మధ్యాహ్నానికి అక్కడికి చేరింది. భుజాన సంచీ, చేతిలో చిన్న చల్లటి పెట్టె. పేపర్లో ఫొటో చూసిన పక్కింటివాళ్ళు గుర్తుపట్టి దగ్గరికి రాబోయారు. ఆమె నమస్కారం పెట్టి తల్లి పక్కన మెట్ల మీదే కూర్చుంది. అప్పుడు లోపలి నుంచి విష్ణు వచ్చాడు. చొక్కా చేయి మడుస్తూ రచన ముందు నిలబడ్డాడు.

“ముందు నాకు తియ్యి వదినా రక్తం. నన్ను చూస్తే చెల్లి భయపడదు.”

“ఒరే విష్ణూ!” లోపలి నుంచి సువర్ణ అరిచింది.

“అరవకమ్మా. రాత్రంతా నువ్వు నిద్రపోలేదు, నాకు తెలుసు. నువ్వు కూడా చూస్తూనే ఉన్నావు కదా చెల్లిని, ఇన్ని నెలల నుంచి? అన్నం ఎవరి ముందూ తిననివ్వడం లేదెందుకు?”

కాసేపటికి సువర్ణ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు.

రాజేశ్వరి లేచింది. “వదినా, ప్రపంచమంతా పిలిచి నా బిడ్డకు బహుమతి ఇస్తున్నది. అది కనిపెట్టిన పరీక్ష మన ఇంటి పిల్లకే అందకపోతే ఆ బహుమతిని నేనేం చేసుకోను? నన్ను తిట్టు, పడ్త. పెండ్లి వద్దను, ఊకుంట. శ్రీనిధిని మాత్రం ఇడిచిపెట్టను.”

సువర్ణ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

రచన విష్ణు వేలి నుంచి ఒక చుక్క, శ్రీనిధి వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసింది. శ్రీనిధి చుక్కలో జబ్బు తేలాక ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి చిన్న లైటుతో కళ్ళు చూసింది. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం, సన్నగా, ఉంగరంలా. తమ్ముడి కళ్ళల్లో అదే వలయాన్ని రచన ఒకప్పుడు చూసింది. అప్పటికి దాని అర్థం తెలిసీ చేయగలిగింది ఏమీ లేకపోయింది.

“చచ్చిపోతానా వదినా?” శ్రీనిధి ముద్ద మాటలతో అడిగింది.

“చావవు,” అంది రచన ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని. “జబ్బుంది. అబద్ధం చెప్పను. దానికి మందు కూడా ఉన్నది. బతికినన్ని రోజులు వేసుకోవాలె. మొదట్ల జర కష్టమైతది. తర్వాత నీ చేతులతో నువ్వే రాస్తవ్, నీ చేతులతో నువ్వే తింటవ్.”

సువర్ణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే వీధిలో కారు ఆగింది. వెంకటనారాయణ లోపలికి వచ్చి, మేనకోడలి ముందు లైటు పట్టుకుని కూర్చున్న కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“నీకు తెలుసా అన్నయ్యా?” సువర్ణ అడిగింది. “ఇది మన వంశంలో ఉందని నీకు తెలుసా?”

“తెలుసమ్మా.” అతని గొంతు వినపడీ వినపడనట్టుంది. “ఆ పేరు బయటికొస్తే మన ఆడపిల్లలను ఎవరు చేసుకుంటరని...”

“చేసుకునేదెవరో బయటివాళ్ళా అన్నయ్యా? నేనే కదా!”

వెంకటనారాయణ కుర్చీ వెతుక్కోలేదు. ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు. “వాణ్ణి కొట్టిన సువర్ణా,” అన్నాడు. “బద్ధకమనుకుని కొట్టిన. ఆ పేరెత్తితే నాకు అదే యాదికొస్తది. అందుకే ఎత్తలే. సంబంధాల కోసమని అందరికీ చెప్పిన, నాకు నేను కూడా చెప్పుకున్న.” రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. కొడుకు పోయిన రోజు కూడా అతను అలా ఏడవలేదు. రాజేశ్వరి వచ్చి పక్కన కూర్చుంది. అతని వీపు మీద చేయి ఉంచింది.

శ్రీనిధికి హైదరాబాద్‌లో చికిత్స మొదలైంది. మొదటి వారాల్లో వణుకు తగ్గకపోగా కాస్త పెరిగింది. సువర్ణ బెదిరిపోయినప్పుడల్లా రాజేశ్వరి దగ్గరుండి ధైర్యం చెప్పింది. మందులు వేసే బాధ్యతను వంతులేసుకున్నారు వదినామరదళ్ళు. మెల్లగా మాట తేటపడసాగింది.

విష్ణు, సింధు ఇద్దరికీ జన్యుపరీక్షలు చేశారు. ఇద్దరికీ జబ్బు లేదు కానీ, ఇద్దరిలోనూ దాన్ని పిల్లలకు అందించే లోపం ఉంది. వాళ్ళిద్దరికీ పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే వీలుంది. గర్భంలోనే బిడ్డకు పరీక్ష చేసే దారి ఉందని రచన వాళ్ళకు వివరంగా చెప్పింది. నిర్ణయం మీదేనంది. ఇద్దరూ చాలాసేపు డాబా మీద కూర్చుని మాట్లాడుకున్నారు. సింధు ఒంటరిగా కిందికి దిగి వచ్చింది.

“పెండ్లి వద్దనుకున్నమమ్మా,” అంది. “ప్రతిసారి భయపడుకుంట కనే ధైర్యం మాకు లేదు. ఇద్దరం ఏడ్చినం. అయినా ఇట్లనే మంచిది.” సువర్ణ ఆ మాట విని సింధును దగ్గరికి తీసుకుని, ఎంతోసేపు వదల్లేదు.

రచన జెనీవాకు వెళ్ళి పురస్కారం అందుకుంది. ఆ వేదిక మీద తమ్ముడి పేరు చెప్పింది. తిరిగొచ్చాక సూర్యాపేటలో చుట్టుపక్కల వర్తకులంతా కలిసి ఒక ఫంక్షన్ హాల్లో ఆమెకు సన్మానం పెట్టారు. శాలువాలు, పూలదండలు, ఉపన్యాసాలు అయ్యాక తండ్రిని మాట్లాడమన్నారు. వెంకటనారాయణ మైకు ముందుకు వెళ్ళాడు.

“మీరంతా ఈమెను పెద్ద సైంటిస్టు అంటున్నరు,” అన్నాడు. “నాకైతే ఈమె సాత్విక్ వాళ్ళక్క. సాత్విక్ నా కొడుకు. ఇదే జబ్బుతోని పోయిండు. మేనరికం వల్ల వచ్చిందని సిగ్గుపడి అందరికీ అబద్ధం చెప్పిన. నా అబద్ధం వల్ల నా మేనకోడలు కూడా పోయేది. నా భార్య ఊకోలేదు కాబట్టి ఆ పిల్ల ఇయ్యాల ఇక్కడ మీ ముందట కూసున్నది. మీ ఇండ్లల్ల ఏ పిల్లకైనా చెయ్యి వణికినా, మాట తడబడినా కొట్టకుండ్రి. దాచకుండ్రి. నా లెక్క చెయ్యకుండ్రి. వచ్చే నెల మా మిల్లుల రచన వాళ్ళ బృందం పరీక్షలు పెడ్తది. అందరూ రాండ్రి.”

చప్పట్లు వెంటనే మోగలేదు. ముందు వరుసలో కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా. వెంకటనారాయణ కిందికి దిగి వచ్చి భార్య పక్క కుర్చీలో కూర్చున్నాడు. రాజేశ్వరి అతని చేతిని అందరి ముందూ పట్టుకుంది.

భోజనాల దగ్గర ఒక నడివయసు ఆవిడ రాజేశ్వరిని వెతుక్కుంటూ వచ్చింది. పేరు అన్నమ్మ అనీ, గరిడేపల్లిలో టీచరుననీ చెప్పింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“మా చెల్లె కొడుకు ఉన్నడమ్మా. పదో తరగతి. నడక మారింది, నోట్లకెళ్ళి సొంగ కారుతది. సైతాను పట్టిందని అందరూ ప్రార్థనలు చేపిస్తున్నరు. మేము మీవాళ్ళం కాదు గదా, మీ మిల్లు కాడికి మేము రావచ్చునా?”

రాజేశ్వరి చేతిలోని పళ్ళెం పక్కన పెట్టేసింది.

“వచ్చే నెల దాకా ఎందుకమ్మా? రచన ఎల్లుండి దాకా మా ఇంట్లనే ఉంటది. బాబును రేపు పొద్దున్నే తీస్కరా,” అంది. అన్నమ్మ ముఖంలో తటపటాయింపు చూసి మళ్ళీ తనే అంది: “మీ చెల్లె ఒప్పుకోదా? ఇల్లెక్కడో చెప్పు. నేనే వస్త.”